మలుపులో ఒరుగు వాహనములు

సూర్యాపేటనుండి కోదాడకు పోవు ఆర్‌టీసీ బస్సులో మీలో పలువురు ప్రయాణము చేసియుందురు. బస్సు తిన్నని దారిలో పోవుచున్నంతసేపు మన శరీరము నిలకడగా నుండును. మలుపు రాగానే ఆ నిలకడ తప్పును. బస్సు ఎడమకు తిరిగినచో మనము కుడివైపునకు ఒరుగుదుము. కుడికి తిరిగినచో ఎడమవైపునకు ఒరుగుదుము. ప్రక్కనున్నవారి భుజము మన భుజమునకు తగులును. నిలుచున్నవారు పైనున్న కడ్డీని గట్టిగా పట్టుకొందురు. ఒరుగుట మనవంతు మాత్రమే కాదు. దారి ప్రక్కన నిలిచి చూచువారికి బస్సు సయితము ఆ వైపునకే కొంచెము ఒరిగినట్లు కనబడును.

అదే మలుపులో బస్సు వెనుక వచ్చుచున్న సైకిలువానిని చూడుడు. అతడును ఎడమకే తిరుగుచున్నాడు. కాని అతడు కుడికి ఒరుగుట లేదు; ఎడమకే, అనగా మలుపు లోపలికే ఒరుగుచున్నాడు. దారి యొక్కటే, మలుపు ఒక్కటే, తిరుగు దిక్కును ఒక్కటే. అయినను బస్సు బయటికి ఒరుగుచున్నది, సైకిలు లోపలికి ఒరుగుచున్నది. ఈ రెండింటిలో ఏది సరియైనది? ఏది తప్పు?

రెండును సరియైనవే. రెండింటికిని మూలమైన నియమము ఒక్కటే. దినదినము మన కన్నులయెదుట జరుగు ఈ చిన్న విషయము వెనుక నున్న ఆ నియమమును తెలిసికొనుట వినోదము కొరకు మాత్రమే కాదు. దానిని గుర్తెరిగి నడచువాడు క్షేమముగా ఇల్లు చేరును. మరచినవానికి ప్రాణాపాయము కలుగవచ్చును.

మొదట మనము బస్సులో ఏల ఒరుగుదుమో విచారింతము. ఎవరో మనలను బయటికి త్రోసినట్లు మనకు తోచును. కాని చుట్టును చూచినచో అట్లు త్రోసినవారెవరును కనబడరు. నిజమునకు త్రోపు లేదు. కదలుచున్న వస్తువు, మరియొక బలము దానిమీద పనిచేయనంతవరకు, అదే వేగముతో తిన్నగా పోవుచుండును. ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడైన న్యూటను 1687లో ప్రకటించిన చలన నియమములలో ఇది మొదటిది. వస్తువునకు గల ఈ స్వభావమును జడత్వమందురు. బస్సు ఎడమకు తిరుగునప్పుడు మన శరీరము తన పూర్వపు దారిలోనే తిన్నగా పోవలెనని యత్నించును. బస్సు మాత్రము ఆ దారిని విడిచి ఎడమకు పోవును. కావున మనము కుడికి పోవుట లేదు. మన క్రింద నున్న బస్సే ఎడమకు జరుగుచున్నది. అందుచేత మనము కుడిగోడకు చేరినట్లు తోచును. చివరకు ఆసనమును, కడ్డీయును, బస్సు గోడయును మనలను లోపలికి నెట్టి తమతో తీసికొని పోవును.

దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. ఒక గట్టి దారమునకు చిన్న రబ్బరుముక్కను కట్టి, ఎవరును లేనిచోట గిరగిర త్రిప్పుడు. దారము బిగిసియుండుట మీ చేతికి తెలియును. ఆ రబ్బరుముక్క గుండ్రముగా తిరుగుటకు కారణము మీ చేయి దానిని ఎల్లప్పుడును లోపలికి లాగుచుండుటయే. దారమును విడిచినచో ఆ క్షణముననే అది తిన్నని గీతవెంట ఎగిరిపోవును. దీనివలన ఒక సత్యము తేలుచున్నది. వంకర దారిలో పోవు ప్రతి వస్తువును ఏదో యొకటి ఆ వంకర యొక్క కేంద్రమువైపునకు నెట్టుచునో లాగుచునో యుండవలెను. ఈ బలమునకు అభికేంద్ర బలమని పేరు. రబ్బరుముక్కకు దారము ఈ బలము నిచ్చుచున్నది. మరి సైకిలునకు ఎవరిచ్చుచున్నారు? దానికి దారము లేదు కదా. సైకిలు నేలను తాకు చోటు టైరు క్రిందనే కలదు. కావున టైరునకును రోడ్డునకును మధ్యగల ఘర్షణయే ఆ బలమును ఈయవలెను. సైకిలైనను, లారీయైనను, మలుపు తిరుగుటకు నేల చేయు సహాయమే ఆధారము.

ఆ సహాయము ఎంత కావలయునో లెక్కకట్టుటకు ఒక సూత్రము కలదు. డచ్చి దేశస్థుడైన హైగెన్స్ 1659లోనే ఈ విషయమును పరిశోధించెను. వాహనపు వేగమును అదే వేగముచేత గుణించి, వచ్చినదానిని మలుపు యొక్క వ్యాసార్థముచేత భాగింపవలెను. ఆ ఫలితమును వాహనపు ద్రవ్యరాశిచేత గుణించినచో కావలసిన బలము వచ్చును. ఇందు ముఖ్యముగా గమనింపదగినది వేగమును వేగముతోనే గుణించుట. వేగము రెట్టింపైనచో కావలసిన బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. వేగము మూడు రెట్లైనచో బలము తొమ్మిది రెట్లు కావలయును. ఈ యొక్క మాటను మనస్సున నిలుపుకొనుడు. ఈ పాఠములో మిగిలినదంతయు దీనినుండియే వచ్చును.

ఇక సైకిలువాని సంగతి చూతము. నేల ఇచ్చు లోపలి త్రోపు టైరు అడుగున పడుచున్నది. కాని సైకిలును, దానిపై కూర్చున్నవానిని కలిపి చూచినచో, వారి బరువంతయు కేంద్రీకరించినట్లుండు స్థానము, అనగా గరిమనాభి, నేలకు సుమారు ఒక మీటరు ఎత్తున నుండును. నిలువుగా నిలిపిన కఱ్ఱను అడుగున ఎడమకు తన్నినచో ఏమగును? అడుగు ఎడమకు పోవును. పైభాగము కుడికి కూలును. సైకిలువాడు నిటారుగా కూర్చుండి ఎడమకు తిరుగబోయినచో అతనికిని ఇదే గతి పట్టును. చక్రములు క్రిందనుండి ఎడమకు జారుకొనును; అతడు కుడివైపునకు కూలబడును. ఇట్లు కాకుండుటకై అతడు ముందుగానే ఎడమకు ఒరుగును. ఒరిగినప్పుడు అతని బరువు అతనిని ఎడమకు పడద్రోయ చూచును. టైరు అడుగున పడు త్రోపు అతనిని కుడికి పడద్రోయ చూచును. ఈ రెండును సమానమైనప్పుడు అతడు ఎటును పడక, వంగియే నిలకడగా సాగిపోవును. చూచువారికి పడిపోవుచున్నట్లున్నను, అతడు పడకుండుటకే ఒరుగుచున్నాడు.

ఎంత ఒరుగవలెను? దీనిని త్రికోణమితి లేకయే మీ నోటుపుస్తకములో గీచి తెలిసికొనవచ్చును. ఒక మోటారుసైకిలు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, 40 మీటర్ల వ్యాసార్థము గల మలుపులో తిరుగుచున్న దనుకొనుడు. ఈ వేగము సెకనునకు 10 మీటర్లు. పదిని పదిచేత గుణింపగా 100. దానిని 40చేత భాగింపగా రెండున్నర. భూమి వస్తువులను లాగుటవలన కలుగు త్వరణము 9.8, లెక్క సులువగుటకై దానిని 10 అనుకొందము. రెండున్నర పదిలో నాలుగవ వంతు. అనగా నేల ఆ బండిని దాని బరువులో నాలుగవ వంతు బలముతో లోపలికి నెట్టవలెను. ఇప్పుడు 4 సెంటీమీటర్ల నిలువుగీత గీయుడు. దాని పైకొననుండి ప్రక్కకు 1 సెంటీమీటరు అడ్డగీత గీయుడు. ఆ గీత చివరను నిలువుగీత అడుగుతో కలుపుడు. అట్లేర్పడిన ఏటవాలు గీతయే బండి ఒరుగవలసిన తీరు. కోణమానినితో కొలిచినచో నిలువుగీతకును దీనికిని మధ్య సుమారు 14 డిగ్రీలుండును.

అదే మలుపులో వేగము 54 కిలోమీటర్లైనచో ఒరుగవలసిన కోణము సుమారు 29 డిగ్రీలు. వేగము 72 కిలోమీటర్లైనచో అడ్డగీతయు 4 సెంటీమీటర్లగును. కోణము 45 డిగ్రీలగును. అనగా నేల బండిని దాని మొత్తము బరువుతో సమానమైన బలముతో ప్రక్కకు నెట్టవలెను. ఇది నేలకు సాధ్యమా? ఎండిన తారురోడ్డుపై మంచి టైరునకు సయితము బరువులో సుమారు పదింట ఏడెనిమిది పాళ్ల బలమే ప్రక్కకు లభించును. కావున ఆ మలుపులో 72 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఎంత నేర్పుతో ఒరిగినను ప్రయోజనము లేదు. టైరు పట్టు తప్పి జారును. ధైర్యము వేరు, ఘర్షణ వేరు. నేల తన శక్తికి మించి సహాయపడదు.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతిని చెప్పవలెను. సైకిలువాడు ఎడమకు తిరుగదలచినప్పుడు ముందుగా ఎడమకు ఒరుగవలెను కదా! ఆ ఒరుగుట ఎట్లు మొదలగును? అతడు తనకు తెలియకయే హ్యాండిలును ఒక్క క్షణము కొంచెము కుడికి త్రిప్పును. చక్రములు కుడికి జరుగగా శరీరము ఎడమకు ఒరుగును. వెంటనే హ్యాండిలును ఎడమకు త్రిప్పి మలుపులో ప్రవేశించును. స్కాట్లండు దేశపు ఇంజనీరగు రాంకిన్ 1869లోనే ఈ విషయమును గూర్చి వ్రాసెను. సైకిలు నేర్చుకొన్న ప్రతివాడును దీనిని చేయుచునేయుండును, కాని చేయుచున్నానని చెప్పజాలడు. మన దేహము నేర్చిన విద్యను మన బుద్ధి ఆలస్యముగా తెలిసికొనుట ఇట్టి విషయములలో కనబడును.

ఒరిగినవాడు ఆసనమునుండి ఏల జారిపడడు? బస్సులో డ్రైవరు ముందు వ్రేలాడుచుండు పూలదండను మలుపులో గమనింపుడు. అది నిలువుగా వ్రేలాడక మలుపు బయటివైపునకు వాలి నిలుచును. అది నిలువునుండి వాలిన కోణమును, అదే మలుపులో అదే వేగముతో పోవు సైకిలు ఒరుగు కోణమును ఒక్కటే. పూలదండ వాలిన గీతవెంటనే సైకిలువాడు తన దేహము నుంచుకొనుచున్నాడు. కావున బరువు తనను ప్రక్కకు లాగుచున్నట్లు అతనికి తోచదు. తన్ను ఆసనములోనికే అదుముచున్నట్లు తోచును. మనము బస్సులో నిటారుగా కూర్చుండుటచేతనే ప్రక్కకు పోవుచున్నట్లు భావింతుము.

ఇప్పుడు బస్సు సంగతికి వత్తము. బస్సునకు కుడియెడమల రెండువైపుల చక్రములు కలవు. అందుచేత అది సైకిలువలె లోపలికి ఒరుగజాలదు. ఒరుగవలసిన అవసరమును లేదు. మలుపులో చక్రములు క్రిందనుండి లోపలికి నెట్టబడుచుండగా, స్ప్రింగులపై నున్న బరువైన పైభాగము తిన్నగా పోవలెనని చూచును. కావున బయటివైపు స్ప్రింగులు అణగును. లోపలివైపు స్ప్రింగులు సాగును. బస్సు బయటికి ఒరిగినట్లు కనబడుటకు ఇదియే కారణము. బరువు బయటి చక్రములమీద ఎక్కువగాను, లోపలి చక్రములమీద తక్కువగాను పడును. వేగము పెరుగుచున్నకొలది లోపలి చక్రములపై బరువు తగ్గుచు వచ్చి, ఒకానొక వేగమున ఏమియు మిగులదు. ఆ తరువాత లోపలి చక్రములు నేలను విడుచును, వాహనము బోల్తాపడును.

ఆ హద్దు ఎచ్చటనున్న దనునది రెండు కొలతలపై ఆధారపడును. మొదటిది చక్రముల మధ్యగల వెడల్పులో సగము. రెండవది గరిమనాభి నేలనుండి ఉన్న ఎత్తు. వెడల్పు ఎక్కువై ఎత్తు తక్కువైనచో వాహనము స్థిరముగా నుండును. ఒక అగ్గిపెట్టెను అట్టమీద పడుకోబెట్టి, అట్టను మెల్లగా ఏటవాలుగా ఎత్తుడు. పెట్టె జారునే కాని పొర్లదు. అదే పెట్టెను నిలువుగా నిలిపి అట్టను ఎత్తినచో జారకముందే పొర్లును. లారీయు ఇట్లే ప్రవర్తించును.

మిర్యాలగూడ ప్రాంతము నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో వరి పండు సీమ. ఆ పట్టణములో బియ్యపు మిల్లులు పెక్కు కలవు. కోతలు ముగిసిన పిదప ఆ దారులలో వరిగడ్డి నింపిన లారీలును, ట్రాక్టర్లును పోవుట మీరు చూచియుందురు. గడ్డి తేలిక, కావున బరువు చాలవలెనని దానిని లారీ గోడలకు మించి, ఇరుప్రక్కలకు పొంగునట్లు, ఎత్తుగా పేర్చుదురు. దీనివలన గరిమనాభి పైకి పోవును. ఒక లెక్క వేసి చూతము. చక్రముల వెడల్పులో సగము 90 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 1 మీటరు 20 సెంటీమీటర్లు గల లారీ 40 మీటర్ల వ్యాసార్థపు మలుపులో గంటకు సుమారు 62 కిలోమీటర్ల వేగము వద్ద బోల్తాపడు హద్దును చేరును. బరువు ఎత్తుగా పేర్చుటచేత గరిమనాభి 2 మీటర్ల 25 సెంటీమీటర్లకు లేచినదనుకొనుడు. అప్పుడు ఆ హద్దు సుమారు 45 కిలోమీటర్లకు దిగజారును. స్ప్రింగులు అణగుటచేత బరువు ఇంకను బయటికి జరుగును. కట్టు వదులైనచో గడ్డియు ఆ వైపునకే వాలును. కావున నిజమైన హద్దు లెక్కకు వచ్చినదానికంటె తక్కువే. ఖాళీబండితో నిన్న క్షేమముగా దాటిన మలుపు నిండుబండితో నేడు అట్లే దాటనిచ్చునని నమ్మరాదు. సగము నిండిన నీటిట్యాంకరులో నీరు మలుపు బయటివైపునకు పొంగును గనుక దానికిని ఇదే భయము కలదు. ముందు ఒకే చక్రము గల ఆటోకు నాలుగు చక్రముల బండియంత స్థిరత్వముండదు. అందు పరిమితికి మించి జనము ఎక్కుట, ఒకరు బయటికి వ్రేలాడుచు పోవుట మరియు ప్రమాదకరము.

వాహనము తానై లోపలికి ఒరుగలేనప్పుడు దారినే ఒరుగజేయవచ్చును గదా అని ఇంజనీర్లు ఆలోచించిరి. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోవుచున్నది. పూర్వము 9వ సంఖ్య గల ఆ దారికి నేడు 65వ సంఖ్య. ఇట్టి రహదారులపై మలుపులలో బయటి అంచును లోపలి అంచుకంటె ఎత్తుగా కట్టుదురు. మన దేశమున మైదానప్రాంతపు రోడ్లకు ఈ వాలు నూటికి ఏడు పాళ్లను మించరాదని నియమము కలదు. అనగా 7 మీటర్ల వెడల్పు గల దారిలో బయటి అంచు లోపలి అంచుకంటె 49 సెంటీమీటర్లవరకు ఎత్తుగా నుండవచ్చును. వాలుదారిపై పోవునప్పుడు నేల వాహనమును పైకి మోయుటతోపాటు కొంత లోపలికిని నెట్టును. అంతమేరకు ఘర్షణకు శ్రమ తగ్గును. వాలు ఇంకను ఎక్కువగా ఏల పెట్టరు? నెమ్మదిగా పోవు ఎడ్లబండియు, ఎత్తుగా గడ్డి నింపిన ట్రాక్టరును ఆ దారినే పోవలెను. వాలు మితిమీరినచో అవి లోపలికే ఒరిగి పడును. ఈ వాలును కనుగొనుటకు సులభమైన మార్గము వాన కురిసినప్పుడు చూచుట. తిన్నని రోడ్డుపై సాధారణముగా నీరు నడుమనుండి రెండు ప్రక్కలకును పారును. వాలు గల మలుపులో నీరంతయు లోపలి అంచువైపునకే పారును.

రైలుమార్గములోను ఇదే ఉపాయము కలదు. మిర్యాలగూడ స్టేషను బీబీనగరునుండి నడికుడికి పోవు రైలుమార్గముపై నున్నది. ఆ దారిలో రెండు పట్టాల మధ్య దూరము 1676 మిల్లీమీటర్లు. వంపులలో బయటి పట్టాను లోపలి పట్టాకంటె ఎత్తుగా నమర్చుదురు. మన దేశపు పెద్దలైనులలో ఈ ఎత్తు సాధారణముగా 165 మిల్లీమీటర్లకు మించదు. అంత ఎత్తు పెట్టినచో బండి సుమారు అయిదున్నర డిగ్రీలు లోపలికి ఒరుగును. ఇట్లు చేయనిచో రైలుచక్రపు అంచు బయటి పట్టాను ఒరసికొని పోవును. చక్రమును పట్టాయును త్వరగా అరిగిపోవును. వేగము మించినచో ప్రమాదమును కలుగును. కాని ఒకే మార్గమున వేగముగా పోవు ఎక్స్‌ప్రెస్సును, బియ్యపుబస్తాలతో నెమ్మదిగా పోవు గూడ్సుబండియు నడచుచుండును. ఎక్స్‌ప్రెస్సునకు సరిపోవు ఎత్తు గూడ్సునకు ఎక్కువై, దాని బరువు లోపలి పట్టాపై పడును. కావున రెండింటికిని మధ్యేమార్గమైన ఎత్తును ఏర్పరచుదురు. రైలు ఎప్పుడైనను వంపులో ఆగినప్పుడు మీ నీళ్లసీసాలోని నీటిని చూడుడు. నీటిమట్టము సమముగానే యుండును. సీసాయే దానితోపాటు బండియే లోపలికి ఒరిగియుండుట మీకు స్పష్టముగా తెలియును.

నేల లేనిచోట ఏమి చేయవలెను? ఆకాశమున వలయాకారముగా తిరుగు గ్రద్దను చూడుడు. అది ఒక రెక్కను దించి, ఒక రెక్కను ఎత్తి, ఒరిగియే తిరుగును. రెక్కలపై గాలి చూపు ఎత్తుబలము, పక్షి ఒరిగినప్పుడు కొంత ప్రక్కకు తిరిగి, దానిని వలయపు కేంద్రమువైపునకు నెట్టును. 1903లో అమెరికాలో విమానమును ఎగురవేసిన రైటు సోదరులు సైకిళ్లను తయారుచేసి అమ్మినవారు. తిరుగునప్పుడు సైకిలువలె విమానమును ఒరుగవలెనని వారు గ్రహించిరి. అందుకై రెక్కల కొనలను మెలిత్రిప్పు సాధనమును కనుగొనిరి. నేడును విమానము మలుపు తిరుగునప్పుడు ఒరిగియే తిరుగును. దారి ప్రక్కనున్న సైకిలు, ఆకాశముననున్న విమానము ఒకే నియమమునకు లోబడియున్నవి.

ఇంతవరకు చెప్పినదానిని మన జీవితమునకు అన్వయించుకొందము. మలుపులో మనలను కాపాడునది నేలకును టైరునకును గల పట్టు. ఆ పట్టు ఎల్లప్పుడు ఒకే తీరుగా నుండదు. వానకు తడిసిన రోడ్డుపై అది బాగుగా తగ్గును. ఇసుకగాని, కంకరగాని, ఒలికిన నూనెగాని యున్నచో మరియు తగ్గును. మన పల్లెలలో కోతకాలమున వడ్లను, మొక్కజొన్నలను రోడ్డుపై ఆరబోయు అలవాటు కలదు. ఎండకు కాగిన తారుపై గింజలు త్వరగా ఆరునని రైతుల ఆశ. కళ్లము చాలని రైతు ఇబ్బంది నిజమైనదే. కాని గుండ్రని గింజ టైరు క్రింద దొర్లును. టైరు తాకవలసినది రోడ్డునే కాని గింజలను కాదు గదా!

నేను ఉపాధ్యాయుడుగా నున్న దినములలో కోదాడకు సమీపముననున్న ఒక గ్రామమునకు సైకిలుపై పోయెడివాడను. ఒకనాడు ఆలస్యమైనదని వేగముగా పోవుచు, అలవాటైన మలుపులో ఎప్పటివలెనే ఒరిగితిని. ముందు దినము లేని మొక్కజొన్న గింజలు ఆనాడు అచ్చట నుండెను. చక్రము జారెను. సైకిలు ఒకవైపునకు, నేనొకవైపునకు పడితిమి. మోకాలి చర్మము లేచిపోయెను. వెనుకనుండి లారీ ఏదియు రాకపోవుట నా అదృష్టము. ఆ తరగతిలోనే పిల్లలకు జడత్వమును గూర్చి బోధించియుంటిని. తెలిసిన పాఠమును దారిలో మరచితినని సిగ్గుపడితిని. ఆనాటి తప్పు గింజలదికాని, సైకిలుదికాని కాదు. మలుపును చూడకముందే వేగము తగ్గింపని నాది.

వేగము ఎప్పుడు తగ్గింపవలె ననునది ముఖ్యమైన విషయము. మలుపు చొచ్చిన తరువాత గట్టిగా బ్రేకు వేయుట ప్రమాదకరము. ఏలనన, టైరునకు గల పట్టు పరిమితమైనది. ఆ పట్టులో కొంత తిరుగుటకును, కొంత ఆగుటకును పంచవలసి వచ్చును. తిరుగుటకే పట్టంతయు ఖర్చగుచున్నప్పుడు బ్రేకు వేసినచో చాలక టైరు జారును. కావున తిన్నని దారిలో నున్నప్పుడే, మలుపు రాకముందే, వేగము తగ్గింపవలెను. వేగమును సగము చేసినచో నేలను మనమడుగు సహాయము నాలుగవ వంతునకు తగ్గును. రెట్టింపు వేగమునకు నాలుగు రెట్లు ఋణము పడినట్లే, సగము వేగమునకు ముప్పాతిక ఋణము తీరిపోవును. ఇంత లాభమైన బేరము మరియొకటి లేదు.

మీ వయస్సువారికి మోటారుసైకిలు నడుపు హక్కును చట్టము ఈయలేదు. గేర్లు గల మోటారుసైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. అంతవరకు మీరు సైకిలు త్రొక్కుదురు. పెద్దల వెనుక కూర్చుండి పోవుదురు. వెనుక కూర్చున్నప్పుడు బండి ఒరిగిన వైపునకే మీరును దానితోపాటు ఒరుగుడు. భయపడి ఎదురువైపునకు వంగినచో నడుపువాని లెక్క తప్పును. సైకిలుపై బియ్యపుబస్తా కట్టినప్పుడు, తమ్మునో చెల్లెలినో ఎక్కించుకొన్నప్పుడు మలుపులో ఎప్పటికంటె నెమ్మదిగా పొండు. ఆటోలో స్థలము లేనప్పుడు మరియొక దానికై వేచియుండుడు. ఇంటిలోని పెద్దలు గడ్డిబండి కట్టుచున్నప్పుడు పైవరుస తగ్గింపుమని వినయముగా చెప్పుడు. కారణమడిగినచో అగ్గిపెట్టెతో చూపుడు.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిరి. వేగము యొక్క వర్గమును గూర్చి వారికి తెలిసియుండకపోవచ్చును. మలుపును గూర్చి మాత్రము బాగుగా తెలియును. రేపు సూర్యాపేట దారిలో బస్సు బయటికి ఒరుగుచుండగా, సైకిలు లోపలికి ఒరుగుచుండగా చూచినప్పుడు, ఆ రెండును నేలను ఒకే సహాయము అడుగుచున్నవని గుర్తుంచుకొనుడు. నేల ఇయ్యగలిగినంతలో అడుగువాడు క్షేమముగా మలుపు దాటును.